డెబ్బది సంవత్సరములు గతించిన తరువాతనే

“ఒరే అబ్బాయ్, ఇది మార్చివ్వు” అంటూ మామ్మ చేతిసంచిలోంచి కార్డు తీసి కౌంటర్ మీద పెట్టింది.

2023 జనవరి 2, సోమవారం. అప్పుడే షట్టర్ ఎత్తి, టీ చెప్పి, జెరాక్స్ మిషన్ వేడెక్కేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. కార్డు చూడగానే గుర్తుపట్టాను, నేను వేసిందే. గులాబీరంగు అంచు, ఓ మూల తెల్ల పావురం, మధ్యలో లావు అక్షరాల్లో వాక్యం: “బబులోను రాజ్యమునకు డెబ్బది సంవత్సరములు గతించిన తరువాతనే … నేను మిమ్మును దర్శింతును.” కింద యిర్మీయా 29:10 అని ఉంది, అంటే బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం, ఇరవై తొమ్మిదో అధ్యాయం, పదో వచనం.

పదకొండో వచనం పడాల్సిన చోట పదో వచనం పడింది.

చర్చికి వెళ్లేవాళ్లకు ఈ కార్డుల సంగతి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. డిసెంబరు 31 రాత్రి మా చర్చిలో ఆరాధన ఉంటుంది. పదింటికి మొదలై పాటలు, సాక్ష్యాలు, ప్రసంగం అయ్యేసరికి పన్నెండు కొడుతుంది. అప్పుడు అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, తెల్లగుడ్డ పరిచిన పళ్లెం పట్టుకుని నిలబడతారు. అందులో కార్డులు బోర్లించి ఉంటాయి. వరసలో వెళ్లి తలా ఒకటి తీసుకోవాలి. ఏ వాక్యం వస్తే అదే ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చిన వాగ్దానం. తర్వాత కేకు ముక్క, టీ. టీ తాగుతూ “నీకేం వచ్చింది, నీకేం వచ్చింది” అని ఒకళ్ల కార్డు ఒకళ్లు చూసుకోవడం. కొందరు దాన్ని బైబిల్లో పెట్టుకుంటారు, కొందరు ఫ్రిజ్‌కి అంటిస్తారు. మా వీధి ఆటో అతను ముందద్దానికి అంటించుకుంటాడు. ఏడాది తిరిగేసరికి ఎండకు అక్షరాలన్నీ వెలిసిపోయి పావురం ఒక్కటే మిగులుతుంది.

నాది ఒంగోల్లో చిన్న డీటీపీ షాపు. నవంబరు సగం నుంచి మాకు ఇదే సీజను. చర్చి క్యాలెండర్లు, క్రిస్మస్ పత్రికలు, ఫ్లెక్సీ డిజైన్లు, ఈ వాగ్దానం కార్డులు. 300 జీఎస్ఎం ఆర్ట్ బోర్డు మీద, 12×18 షీటుకి 24 చొప్పున వేయించి కటింగ్ కొట్టిస్తాం. ఏ చర్చివాళ్లు వచ్చినా వాక్యాల లిస్టు మాత్రం ఇంచుమించు ఒకటే. “నీకు తోడైయున్నాను భయపడకుము.” “నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు.” “నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను.” ఇన్నేళ్లలో “వ్యర్థము వ్యర్థము సమస్తము వ్యర్థమే” అని కార్డు వేయమన్నవాళ్లు ఒక్కరూ లేరు. అదీ బైబిల్లో మాటే.

ఈ లిస్టులో రాజు లాంటి వాక్యం యిర్మీయా 29:11. “నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.” కార్డులే కాదు, పెళ్లి శుభలేఖల మీద, గృహప్రవేశం బ్యానర్ల మీద, పదో తరగతి పిల్లల పరీక్ష అట్టల మీద కూడా ఇదే వేస్తుంటాను. నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా టైపు కొడతాను.

మరి తప్పు ఎలా పడింది? ఆ ఏడాది కొత్త కంప్యూటర్‌కి మారాను. పాత పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలు. దాంతో నూరు వాక్యాలూ యూనికోడ్ బైబిల్లోంచి మళ్లీ కాపీ కొట్టాను. ఆ హడావిడిలో ఒక్క వచనం పైకి జరిగింది. వాక్యానికి నాలుగు కార్డులు కాబట్టి నలుగురికి “డెబ్బది సంవత్సరములు” వెళ్లాయి. మామ్మ కార్డు వాటిలో ఒకటి. మిగతా మూడూ ఎవరికి వెళ్లాయో ఇప్పటికీ తెలీదు. ఎవరూ వచ్చి అడగలేదు. కార్డు తీసుకున్నాక ఎంతమంది చదువుతారో అప్పుడర్థమైంది.

“మామ్మా, పొరపాటైంది. వేరేది ఇస్తా ఉండు.”

“మా కోడలు శాపం అంటంది. డెబ్బై ఏళ్ల దాకా దేవుడు నీకేసి చూడడంట అని నవ్వతంది.”

“శాపమేం కాదులే.”

మామ్మ కళ్లజోడు పెట్టుకుని కార్డు మళ్లీ చేతిలోకి తీసుకుంది. పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. ‘గతించిన’ అన్న మాట దగ్గర ఆగింది. తర్వాత వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

“నాకిప్పుడు ఎన్నేళ్లు?”

“నన్నడుగుతావేంటి మామ్మా.”

“డెబ్బై రెండురా. డెబ్బై గతించినై గదా? అంటే ఇప్పుడు వస్తన్నట్టే గదా?” అని కార్డు మళ్లీ సంచిలో పెట్టేసుకుంది. “ఉండనీలే. మార్చబాక.”

టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. అది అలా కాదు మామ్మా అందామని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. ఎందుకంటే ఆ పదో వచనంతో నాకు అప్పటికి మూడేళ్ల గొడవ ఉంది.

గొడవ మా అక్కతో మొదలైంది.

2017 డిసెంబరు 31 రాత్రి అక్క చెయ్యి పెట్టి తీస్తే పదకొండో వచనం వచ్చింది. అప్పటికి తను ప్రైవేటు స్కూల్లో చెబుతూ డీఎస్సీ కోసం చూస్తోంది. ఆ కార్డు రావడంతో ఇంట్లో అందరికీ ధైర్యం వచ్చేసింది. స్కూలు మానేసి అవనిగడ్డ వెళ్లింది కోచింగ్‌కి. డీఎస్సీ రాసేవాళ్లకి ఆ ఊరు ఎలాంటిదో తెలుసు. ఏ గది చూసినా నలుగురు, ఏ గోడ చూసినా బిట్లు. ఎనిమిది నెలలుంది. ఆ కార్డు సైకాలజీ పుస్తకంలో పెట్టుకుని చదివింది. 2018 డీఎస్సీ రాసింది. మా జిల్లా కటాఫ్‌కి రెండు మార్కులు తక్కువొచ్చాయి.

పోస్టు రాకపోవడం ఒక బాధ. ఆ తర్వాత మా వాళ్లు అన్న మాటలు ఇంకో బాధ. “విశ్వాసంలో ఎక్కడో లోటు జరిగుంటది చూసుకోమ్మా” అని ఒకరు. “ఉపవాస ప్రార్థన చేశావా?” అని ఇంకొకరు. వాగ్దానం దేవుడిది, ఆయన తప్పడు, కాబట్టి తప్పు నీదే. లెక్క అలా తేలింది. అక్క ఎవరికీ జవాబు చెప్పలేదు. ఒక రాత్రి మాత్రం నన్ను అడిగింది: “నేనేం తప్పు చేశాన్రా?”

ఆ వాక్యాన్ని వందలసార్లు టైపు కొట్టినవాణ్ని నేను. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

2019 ఆగస్టులో హైదరాబాదులో బి.డి., అంటే పాస్టర్లయ్యేవాళ్లు చదివే వేదాంత డిగ్రీ, చదువుతున్న ఒక కుర్రాడు సెలవులకి ఊరొచ్చి, చేత్తో రాసిన నూటపది పేజీల కట్ట తెచ్చాడు. పరిశోధన వ్యాసం. తెలుగులో టైపు కొట్టాలి. “దేని మీద తమ్ముడూ?” అంటే “యిర్మీయా ఇరవై తొమ్మిది అన్నా” అన్నాడు. పేజీకి ఇరవై రూపాయలు మాట్లాడుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ పని నేను ఉచితంగా చేసినా నష్టం ఉండేది కాదు. చేతిరాత టైపు కొట్టేటప్పుడు కళ్లు పరిగెత్తవు. అక్షరం అక్షరం మీద కూర్చోవాలి. ఎన్నిసార్లు చూసినా అంతకుముందు కనపడనిది అప్పుడు కనపడింది.

మొదటి సంగతి, అది ఉత్తరం. చెట్టు కింద కూర్చుని చెప్పిన సుభాషితం కాదు. యెరూషలేములో ఉన్న యిర్మీయా బబులోనులో ఉన్న జనానికి పంపిన ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్రెజరు యెరూషలేమును పట్టుకుని, పద్దెనిమిదేళ్ల రాజును, రాజు తల్లిని, పెద్దల్ని, పనితనం తెలిసిన శిల్పుల్ని, కంసాలుల్ని ఎత్తుకుపోయాడు. ఆ రాజు పేరు ఒకచోట యెకొన్యా అని, ఇంకోచోట యెహోయాకీను అని ఉంటుంది. మనిషి ఒకడే. బబులోను శిథిలాల్లో దొరికిన మట్టి పలకల మీద ఈయనకీ, ఈయన ఐదుగురు కొడుకులకీ కొలిచి ఇచ్చిన నూనె లెక్క ఉందట. ఆ పేజీ టైపు కొడుతూ కాసేపు ఆగిపోయాను. మన రేషన్ కార్డు లాంటిదే కదా. రెండున్నర వేల ఏళ్ల కిందటి రాజుగారి రేషన్ కార్డు.

రెండో సంగతి, ఆ ఉత్తరానికి ముందు అధ్యాయంలో ఒక గొడవ ఉంది. యిర్మీయా మెడ మీద కాడి పెట్టుకుని తిరుగుతున్నాడు, బబులోను కాడి కింద ఉండక తప్పదని చెప్పడానికి. హనన్యా అనే ఇంకో ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారు, రాజు తిరిగొస్తాడు, ఎత్తుకుపోయిన గిన్నెలు కూడా తిరిగొస్తాయి అన్నాడు. అని యిర్మీయా మెడ మీది కాడి తీసి విరగ్గొట్టాడు. జనం చప్పట్లు కొట్టారని రాయలేదు గానీ కొట్టే ఉంటారు. ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, హనన్యా మాట విన్న యిర్మీయా మొదట అన్నది “ఆమేన్.” యెహోవా అలాగే చేస్తే బాగుండును అన్నాడు. ఆయనకీ అదే కావాలి. కానీ నిజం అది కాదు.

ఆ నిజమే ఉత్తరంలో రాశాడు. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి. మీరు రెండేళ్లలో రావడం లేదు. డెబ్బై ఏళ్లు. డెబ్బై అంటే ఒక మనిషి ఆయుష్షు. “మా ఆయుష్కాలము డెబ్బది సంవత్సరములు” అని కీర్తనల్లో ఉంది కదా. అంటే ఉత్తరం వింటున్న పెద్దవాళ్లందరికీ అర్థమైపోయింది, మేం ఇక్కడే పోతాం అని. ఆ మాట చెప్పాకే, ఆ పదో వచనం తర్వాతే, “సమాధానకరమైన ఉద్దేశములు” వస్తాయి.

ఈ ఉత్తరం విని వాళ్లు సంబరపడ్డారా? అధ్యాయం చివరిదాకా వెళ్తే తెలుస్తుంది. షెమయా అనే ఒకాయన బబులోను నుంచి యెరూషలేములోని యాజకుడికి తిరుగు ఉత్తరం రాశాడు. ఈ యిర్మీయా ఇల్లు కట్టుకోమంటున్నాడు, చాలాకాలం పడుతుందంటున్నాడు, ఇతన్నెందుకు బొండలో, అంటే కాళ్లు బిగించే శిక్ష కొయ్యలో, వేయలేదు అని. మనం పువ్వులు, పావురం పెట్టి కార్డు వేసుకునే మాటని మొదట విన్నవాళ్లలో ఒకడు కంప్లయింటు పెట్టాడన్నమాట.

కొందరు మాత్రం నిజంగానే ఇళ్లు కట్టుకున్నారు. బబులోను దేశంలో ‘అల్-యాహుదు’, అంటే యూదా ఊరు అని పేరు పడిన ఒక పల్లె ఉండేదట. అక్కడి లావాదేవీలు రాసిన మట్టి పలకలు బయటపడ్డాయి. 2014లో అచ్చువేశారు. పొలం కౌలు, పన్ను బకాయి, అప్పు పత్రం, సాక్షుల పేర్లు. పేర్ల చివర ‘యా’ అని దేవుడి పేరు, కింద బాకీ ఎంతో. మా షాపులో రోజూ కొట్టే కౌలు అగ్రిమెంట్లకీ వాటికీ పెద్ద తేడా లేదనిపించింది.

మూడో సంగతి భాషది. ఇది ఆ కుర్రాడు రెండు పేరాల్లో రాసి వదిలేశాడు. నాకు మాత్రం వారం రోజులు తిండి సయించలేదు. “సమాధానకరమైన” అన్న చోట హీబ్రూలో షాలోమ్ అని ఉందట. మనకి బైబిలు బయట సమాధానం అంటే జవాబు. చిన్నప్పుడు సండేస్కూల్లో “సమాధానకర్తయగు అధిపతి” అంటే అన్ని ప్రశ్నలకీ జవాబులు చెప్పే హెడ్మాస్టరు అనుకునేవాణ్ని. షాలోమ్ అంటే కొట్లాట లేకపోవడం ఒక్కటే కాదు. బాగుండటం, కడుపు నిండటం, ఇల్లూ వాకిలీ సవ్యంగా ఉండటం, అన్నీ. సరే, ఇదే షాలోమ్ ఏడో వచనంలో మూడుసార్లు ఉందట. అక్కడ తెలుగులో “క్షేమము” అని వేశారు: “నేను మిమ్మును చెరగొని పోయిన పట్టణముయొక్క క్షేమముకోరి దానికొరకు యెహోవాను ప్రార్థన చేయుడి, దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును.” ఏడులో క్షేమము, పదకొండులో సమాధానము. రెండూ ఒకే మాట అని తెలుగులో చదివేవాడికి తెలిసే దారే లేదు. ఒకే మాట అని తెలిస్తే పదకొండో వచనం మొత్తం మారిపోతుంది. మిమ్మల్ని గూర్చి నేను తలపెట్టిన క్షేమం, మీరు ఏ శత్రువు ఊరి కోసం ప్రార్థన చేస్తున్నారో ఆ ఊరి క్షేమంతో ముడిపడి ఉంది అని. ఏడో వచనం కార్డు ఇంతవరకు ఎవరూ వేయించుకోలేదు.

“నిరీక్షణ” మాత్రం మన అనువాదకులు భలే పట్టుకున్నారు. ఆశ అని వేసి ఉండొచ్చు. హీబ్రూ మాట తిక్వాకి మూలం ఎదురుచూడటమే. తెలుగులో నిరీక్షించడం అంటే ఎదురుచూడటం కదా. ఆ ఒక్క మాటలో డెబ్బై ఏళ్లూ ఉన్నాయి.

ఇంకొకటి “మిమ్మును.” మనం మీరు అంటే గౌరవమూ కావచ్చు, పదిమందీ కావచ్చు. కార్డు చేతికి రాగానే ‘మిమ్మును’ అంటే నన్నే అనుకుంటాం. కానీ మన బైబిల్లో దేవుడు ఒక్క మనిషితో మాట్లాడితే మోషేనైనా దావీదునైనా ‘నీవు’ అంటాడు. కాబట్టి ఆ మిమ్మును పదిమంది. నిజానికి పదివేలమంది. తెలుగులో అంత స్పష్టంగా ఉన్నదాన్ని కూడా మనం ఒక్కరికి కుదించేసుకున్నాం.

వ్యాసం పూర్తయి, బైండింగ్ అయి, కుర్రాడు వెళ్లిపోయాడు. నేను ఆ కొత్త తెలివితో తిన్నగా ఇంటికెళ్లి అక్కకి మొత్తం చెప్పాను. అది నా తప్పు.

“అంటే అది నాకు కాదంటావు.”

“నీకు కాదు, నాకూ కాదు. వాళ్లకి రాసింది. మనం వాళ్ల ఉత్తరం పక్కన కూర్చుని వింటున్నాం అంతే. నీకు కావాల్సింది పదకొండు కాదక్కా, ఐదు. ఇండ్లు కట్టుకొనుడి. నువ్వు ప్రతిదానికీ పోస్టు వచ్చాక, పోస్టు వచ్చాక అంటున్నావు చూడు…”

“నా చేతికొచ్చింది పదకొండు. నీ ఐదు నువ్వే ఉంచుకో” అని లేచి వెళ్లిపోయింది.

అక్క కోపంలో న్యాయం ఉంది. దేవుడు డెబ్బై ఏళ్లు అన్నది వాళ్లతో. మా అక్కకి ఎన్నేళ్లో నేనెవరిని చెప్పడానికి? కార్డు పట్టుకుని ఈ ఏడాదే వస్తుంది అన్నవాళ్లు ఎంత తొందరపడ్డారో, అధ్యాయం పట్టుకుని ఇక సర్దుకుపో అన్న నేనూ అంతే తొందరపడ్డాను. సర్దుకుపో అన్న మాట మా చర్చిల్లో ఆడవాళ్లకి ఎప్పుడూ కావాల్సినదానికన్నా ఎక్కువే దొరుకుతుంది. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గర కూడా “బబులోనులో ఉన్నారు కదా వాళ్లు, ఉండలేదా” అని ఈ అధ్యాయమే చెప్పినవాళ్లని విన్నాను. యిర్మీయా అలా చెప్పలేదు. ఆ ఊరి క్షేమం కోరండి అన్న ఆ మనిషే, బబులోను మీదికి రాబోయే కీడంతా ఒక గ్రంథంలో రాసి, చదివాక రాయి కట్టి యూఫ్రటీసు నదిలో పారేయమని ఇంకొకరి చేతికిచ్చి పంపాడు. యాభై ఒకటో అధ్యాయంలో ఉంది. ఊళ్లో బతకమన్నాడు గానీ ఊరు చేసింది మంచిదని ఎక్కడా అనలేదు.

మా క్లాస్‌మేట్ ఒకడు డాలస్‌లో ఉంటాడు. వాడికి ఈ సంగతంతా ఫోన్లో చెబితే “మామా, అచ్చం మా కథేరా. మేమూ బబులోనులో ఉన్నాం” అన్నాడు. రెండేళ్లలో వచ్చేస్తాం అని వాడు చెప్పబట్టి పదిహేనేళ్లయింది. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు. ఇల్లు కొనలేదు, ఎందుకంటే వచ్చేస్తాం కదా. ఇక్కడ స్థలం కొన్నాడు, కట్టలేదు, ఎందుకంటే ఇంకా రాలేదు కదా. “నీది చెర కాదురా, జీతం” అన్నాను. నవ్వాడు. వాళ్లని గొలుసులేసి ఈడ్చుకెళ్లారు, వీడు వీసా స్టాంపింగ్ అయితే కొబ్బరికాయ కొట్టి వెళ్లాడు. ఆ తేడా తుడిచేసి పోల్చుకుంటే ఇక పోలికకి అర్థం లేదు. అయినా ఆ ‘రెండేళ్లు’ అన్న మాట మాత్రం వాడి నోట విన్నప్పుడల్లా నాకు హనన్యా గుర్తొస్తాడు. కిందటేడు వాడు అక్కడే ఇల్లు కొన్నాడు. నా వల్ల కాదులెండి, వడ్డీ రేట్ల లెక్క ఏదో చెప్పాడు.

అక్క సంగతికొస్తే, కోవిడ్‌లో ప్రైవేటు టీచర్ల బతుకు ఎలా అయిందో అందరికీ తెలుసు. తర్వాతి డీఎస్సీ కోచింగ్ కోసమని దాచుకున్న డబ్బులు 2021లో తీసి, మా డాబా మీద రేకుల గది ఒకటి వేయించింది. ట్యూషన్లకి. నాలుగు బల్లలు, ఒక బోర్డు, గోడ వారగా రెండు కుండీల్లో కరివేపాకు. పిల్లలు ఇరవై మంది దాకా వస్తారు, అందులో చర్చికి వచ్చే పిల్లలు ముగ్గురే. యిర్మీయా చెప్పాడని వేశావా అని నేను అడగలేదు. అడిగితే చెప్పదు. సిమెంటు రేటు తగ్గిందని వేశానంటుంది.

2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చి ఆగిపోయింది. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. అంటే 2018 తర్వాత ఏడేళ్లకి. అక్క అప్లయి చేసింది, హాల్‌టికెట్ నా షాపులోనే ప్రింటు తీసుకుంది. పొద్దున పరీక్ష రాసి సాయంత్రం ట్యూషన్ చెప్పింది. పోస్టు రాలేదు. ఈసారి ఎవరూ విశ్వాసం గురించి మాట్లాడలేదు, ఎందుకంటే తను రాస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు.

ఇక మామ్మ కార్డు గొడవ. ఆ తప్పు విషయం ఆనోటా ఈనోటా మా పాస్టరు అయ్యగారి దాకా వెళ్లింది. నేను కావాలని వేశానని కూడా ఒకరిద్దరు అన్నారట. పొరపాటే, ఒట్టు. వెళ్లి చెప్పుకున్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఊరుకుంటే అయిపోయేది, నేనే మొదలుపెట్టాను: అయ్యగారూ, అసలు ఆ వచనం ఒక్కటీ తుంచి వేయడమే సరికాదేమో అని. టైపు కొట్టిందంతా అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఆయనకి తెలియనిది అందులో ఏమీ లేదు, సెమినరీలో చదువుకున్నారు.

“బ్రదర్, ఏడాదంతా పడినదంతా మోసుకుని ఆ రాత్రి వస్తారు జనం. పళ్లెంలో చెయ్యి పెట్టి ఒక మంచిమాట తీసుకుంటారు. దీని ముందేముంది, వెనకేముంది అని ఆ రాత్రి పన్నెండింటికి చెప్పమంటారా నన్ను?”

“పన్నెండింటికి వద్దండి. జనవరిలో చెప్పండి.”

ఆయన చెప్పారు కూడా. 2023 జనవరిలో నాలుగు ఆదివారాలు యిర్మీయా ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. రెండో ఆదివారం హనన్యా కాడి విరగ్గొట్టే చోట వెనక వరసలో ఎవరో “స్తోత్రం” అని గట్టిగా అరిచారు. అయ్యగారు ఆగి, “అమ్మా, అప్పుడే స్తోత్రం చెప్పకండి” అన్నారు. చర్చంతా నవ్వింది. మామ్మ నాలుగు వారాలూ వచ్చింది. నాలుగో వారం అయ్యాక గేటు దగ్గర పట్టుకుని అడిగాను, “ఇప్పుడేమంటావు మామ్మా, నీ డెబ్బై సంగతి?” అని. “వాళ్ల డెబ్బై వాళ్లది, నా డెబ్బై నాది. రెండూ అయిపోయినై గదా” అంది. ఇంకేం మాట్లాడతాం.

ఈ ఏడాది కార్డుల ఆర్డరు మొన్న వచ్చింది. 420. లిస్టు అదే. ఈసారి నేనే ఒక మాట అడిగాను: అయ్యగారూ, కార్డు వెనక ఖాళీనే కదా, ఆ ఒక్క వాక్యం కార్డు వరకు వెనకవైపు ఐదు నుంచి ఏడు వచనాలు వేస్తానండీ, ఎక్స్‌ట్రా ఏం తీసుకోను అని. ఆలోచించి, “వెనక చర్చి ఫోన్ నంబరు, క్యూఆర్ కోడ్ వేయమని కమిటీవాళ్లు అన్నారు బ్రదర్” అన్నారు. కమిటీ అన్నాక తిరుగు లేదు. ఫోన్ పెట్టబోతూ మళ్లీ ఆయనే, “రిఫరెన్స్ మార్చండి పోనీ. 29:11 అని కాకుండా 29:4-14 అని వేయండి” అన్నారు.

వేశాను. మిగతా కార్డుల్లో రిఫరెన్స్ తొమ్మిది పాయింట్లలో ఉంటే ఇందులో పదకొండు పెట్టి, బోల్డ్ చేశాను. ప్రూఫ్ వాట్సాప్‌లో పంపాను. బొటనవేలు వచ్చింది. రేపు ప్రింటు. పావురం తీసేసి ఈసారి ద్రాక్షగుత్తి పెట్టాను, తోటలు నాటుకోమన్నాడు కదా అని. అది ఎవరూ గమనించరు లెండి.